గోథెన్‌బర్గ్‌లో పిల్లల చదువు: ద్విభాషా బడి, అంతర్జాతీయ బడి, పేటలోని స్వీడిష్ బడి – దేనిలో చేర్పించాలి?

గోథెన్‌బర్గ్_ప్రయాణం

అందరికీ నమస్కారం. మా కుటుంబం జూలైలో హైదరాబాద్ నుంచి స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌కు వస్తోంది. మావారికి లిండ్‌హోల్మెన్‌లో మూడేళ్ల ఒప్పందం మీద ఉద్యోగం వచ్చింది. ఆ తర్వాత పొడిగించే అవకాశం ఉందంటున్నారు గానీ రాతపూర్వకంగా ఏమీ ఇవ్వలేదు. మా అబ్బాయికి ఈ ఏడాది పన్నెండు నిండుతాయి. సీబీఎస్ఈ బడిలో ఆరో తరగతి పూర్తి చేశాడు. అమ్మాయికి ఆరేళ్లు. ఇంట్లో తెలుగే మాట్లాడుకుంటాం. అబ్బాయి తెలుగు చదవగలడు, రాయగలడు, అమ్మాయికి ఇంకా అక్షరాలు రావు.

ఇంతవరకు తెలుసుకున్నదాన్నిబట్టి మా ముందు మూడు దారులున్నాయి: సగం ఇంగ్లిష్‌లో, సగం స్వీడిష్‌లో బోధించే ఉచిత ద్విభాషా బడి, ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) పాఠ్యప్రణాళికతో నడిచే ఫీజు బడి, ఇంటి దగ్గరి మునిసిపాలిటీ బడి. ఇద్దరినీ ఒకే బడిలో వేయడం మాకు సులువే గానీ, వాళ్లకు అదే మంచిదో కాదో తేల్చుకోలేకపోతున్నాం. ఈ దారుల్లో నడిచినవారు వివరంగా చెబితే మాకు ఎంతో మేలు చేసినవారవుతారు.

హిసింగెన్_వాసి

నమస్కారమండీ. "అంతర్జాతీయ" అనే మాటను ఇక్కడ రెండు పూర్తిగా వేర్వేరు రకాల బడులు తమ పేర్లలో పెట్టుకుంటాయి కాబట్టి, ఏ బడి గురించి విచారించినా అది ఏ రకానికి చెందుతుందో మొదట అడగండి.

మొదటి రకం, 1992 సంస్కరణ తర్వాత విస్తరించిన స్వతంత్ర బడులు, అంటే ప్రభుత్వ డబ్బుతో ప్రైవేటు సంస్థలు నడిపేవి. పిల్లవాడు ఏ బడిలో చేరితే కమ్యూన్ (ఇక్కడి మునిసిపాలిటీ) ఇచ్చే డబ్బు ఆ బడికి వెళ్తుంది. తల్లిదండ్రుల దగ్గర ఫీజు వసూలు చేయకూడదు, మధ్యాహ్న భోజనం కూడా ఉచితమే. మీరు చెప్పిన ద్విభాషా బడులు చాలావరకు ఇవే. 1993లో మొదలైన ఇంటర్నేషనెల్లా ఎంగెల్‌స్కా స్కూలన్ వీటిలో అందరికీ తెలిసినది. ఇలాంటి బడిలో బోధన సగం వరకు ఇంగ్లిష్‌లో ఉండవచ్చు గానీ, పాఠ్యప్రణాళిక మాత్రం స్వీడన్ జాతీయ ప్రణాళికే, జాతీయ పరీక్షలు కూడా అవే. అంటే మీ అబ్బాయి ఇంగ్లిష్‌లో గణితం నేర్చుకున్నా, సాంఘిక శాస్త్రం స్వీడిష్‌లో రాయవలసి రావచ్చు.

రెండో రకం, విదేశీ పాఠ్యప్రణాళికతో నడిచే బడులు. చట్టం వీటిని ప్రధానంగా స్వీడన్‌లో కొంతకాలమే ఉండబోయే కుటుంబాల పిల్లల కోసం ఉద్దేశించింది. వీటిలో చాలాచోట్ల ఫీజు ఉంటుంది. గోథెన్‌బర్గ్‌లో ఈ ప్రాంతపు కమ్యూన్లన్నీ కలిసి నడిపే అంతర్జాతీయ బడి ఒకటి ఉంది. దాన్ని అందరూ ఐఎస్‌జీఆర్ అని పిలుస్తారు. అందులో స్వీడిష్ ప్రణాళికతో ఒక జాతీయ విభాగం, ఐబీ ప్రణాళికతో ఒక అంతర్జాతీయ విభాగం పక్కపక్కనే ఉంటాయి. ఏ విభాగానికి దరఖాస్తు చేస్తున్నారో చూసుకుని చేయండి, ఎందుకంటే ప్రవేశ నియమాలు, ఖర్చు, బోధనా భాష ఈ మూడూ విభాగాన్నిబట్టి మారిపోతాయి.

తరగతి గురించి కూడా ముందే చెబుతున్నాను. ఇక్కడ తరగతిని పుట్టిన సంవత్సరాన్నిబట్టి నిర్ణయిస్తారు. ఈ ఏడాది పన్నెండు నిండే పిల్లలు ఆగస్టులో ఆరో తరగతిలో చేరుతారు, కాబట్టి మీ అబ్బాయి మళ్లీ ఆరో తరగతిలోనే కూర్చుంటాడు. దీన్ని నష్టంగా భావించకండి, కొత్త భాష నేర్చుకోవడానికి దొరికిన సమయంగా చూడండి. మీ అమ్మాయి 2018 నుంచి నిర్బంధమైన ఫోర్‌స్కూలెక్లాస్‌లో, అంటే ఒకటో తరగతికి ముందరి ఏడాదిలో చేరుతుంది.

ఫీజు బడి వైపు మొగ్గితే మరో సంగతి ఉంది. విదేశీ నిపుణుల పన్ను రాయితీ మీవారికి మంజూరైతే, యజమాని చెల్లించే పిల్లల బడి ఫీజు మీద పన్ను పడదు. దానికి ఉద్యోగంలో చేరిన మూడు నెలల్లోపే దరఖాస్తు చేయాలి. ఆ గడువు దాటితే మళ్లీ అవకాశం ఉండదు. ఈ మాట ఒప్పందం మీద సంతకం పెట్టకముందే యజమానితో మాట్లాడుకోవడం మంచిది.

మాతృభాష_టీచర్ (స్టాక్‌హోమ్)

హిసింగెన్ గారు బడుల సంగతి చక్కగా చెప్పారు. నేను భాష వైపు నుంచి రాస్తాను, ఎందుకంటే ఈ నిర్ణయంలో మిగతావన్నీ దాని చుట్టూనే తిరుగుతాయని నా నమ్మకం.

ఇద్దరు పిల్లలకూ ఒకే జవాబు వెతకవద్దు. పిల్లలు కొత్త భాషలో ఆడుకోవడానికి, మాట్లాడుకోవడానికి దాదాపు రెండేళ్లు సరిపోతాయనీ, అదే భాషలో పాఠ్యపుస్తకం చదివి, ఆలోచించి, పరీక్ష రాసే స్థాయికి రావడానికి ఐదు నుంచి ఏడేళ్లు పట్టవచ్చనీ కెనడా భాషావేత్త జిమ్ కమిన్స్ చాలాకాలం క్రితమే చూపించారు. ఆరేళ్ల పాపకు ఆ ఏడేళ్లు ఉన్నాయి. అక్షరాలు దిద్దే వయసులోనే స్వీడిష్ వస్తుంది, తోటి పిల్లలు కూడా అప్పుడే చదవడం నేర్చుకుంటూ ఉంటారు. పన్నెండేళ్ల బాబుకు ఆరు నుంచి తొమ్మిది వరకు నాలుగు విద్యా సంవత్సరాలే ఉన్నాయి.

తొమ్మిది తర్వాత జిమ్నేసియం, అంటే మన ఇంటర్మీడియట్ లాంటి మూడేళ్ల చదువు వస్తుంది. అందులో ఏ జాతీయ కార్యక్రమంలో చేరాలన్నా స్వీడిష్ లేదా ద్వితీయ భాషగా స్వీడిష్, ఇంగ్లిష్, గణితం తప్పక ఉత్తీర్ణులు కావాలి. విశ్వవిద్యాలయానికి దారితీసే కార్యక్రమాలకు మొత్తం పన్నెండు సబ్జెక్టుల్లో ఉత్తీర్ణత ఉండాలి. ఆ అర్హత రాని పిల్లలు ముందు భాషా పరిచయ కార్యక్రమంలో చేరి, కొరత తీర్చుకుని, తర్వాత ముందుకు వెళ్లాలి. ప్రతిభావంతులైన పిల్లలు కూడా అక్కడ ఒకటి రెండేళ్లు గడపడం నేను చూస్తూనే ఉంటాను. ఇక్కడ ఉండిపోయే అవకాశం ఏ మాత్రం ఉన్నా, అబ్బాయి స్వీడిష్‌ను మొదటి రోజు నుంచే గట్టిగా పట్టించుకోవాలి.

కొత్తగా వచ్చిన పిల్లలకు చట్టం ఇచ్చే సాయం గురించి చాలామంది అడగరు. బడి రెండు నెలల్లోపు పిల్లవాడికి ఇప్పటికే ఏమేమి వచ్చో అంచనా వేయాలి. గణితంలో అతను ముందున్నాడని ఆ అంచనాలో తేలితే, భాష రాదన్న కారణంతో వెనక్కి నెట్టే అవకాశం తగ్గుతుంది. పాఠాలు అర్థం కావడానికి మాతృభాషలో అధ్యయన సహాయం అడగవచ్చు. స్వీడిష్‌ను ద్వితీయ భాషగా చదివే ఏర్పాటు కూడా ఉంది.

ఇక తెలుగు. ఇంట్లో రోజూ వాడే భాషను బడి ద్వారా చదువుకునే హక్కు ఇక్కడ ఉంది. కమ్యూన్‌లో కనీసం ఐదుగురు పిల్లలు కోరాలి, తగిన ఉపాధ్యాయులు దొరకాలి. సాధారణంగా వారానికి ఒకసారి తరగతి ఉంటుంది. అది తక్కువే, ఒప్పుకుంటాను. కానీ ఆరో తరగతి నుంచి అందులో గ్రేడు ఇస్తారు, తొమ్మిదో తరగతి చివర వచ్చే గ్రేడు జిమ్నేసియం ప్రవేశ పాయింట్లలో లెక్కకు రావచ్చు, కాబట్టి మీ అబ్బాయికి అది నేరుగా ఉపయోగపడుతుంది. ఎలాగూ చదవడం, రాయడం వచ్చిన పిల్లవాడు, వదలకండి.

స్టావంగర్_నుంచి

నేను నార్వేలో ఉంటాను, చమురు రంగంలో పని. టీచర్ గారి మాటలో నిజముంది గానీ, ఒప్పందం మూడేళ్లే అయినప్పుడు పెద్ద పిల్లవాడికి ఐబీ బడే మేలని నా అభిప్రాయం. మా రంగంలో కుటుంబాలు స్టావంగర్ నుంచి అబెర్డీన్‌కు, అక్కడి నుంచి హ్యూస్టన్‌కు మారుతూ ఉంటాయి. 1966 నుంచి ఇక్కడ నడుస్తున్న అంతర్జాతీయ బడి అలాంటి పిల్లల కోసమే పుట్టింది. ఏ దేశానికి వెళ్లినా అదే ప్రణాళిక కొనసాగుతుంది కాబట్టి పిల్లలు మధ్యలో చదువు పోగొట్టుకోరు. మూడేళ్లు కష్టపడి నేర్చుకున్న స్వీడిష్‌ను హైదరాబాద్‌కు తిరిగి వెళ్లాక ఆ అబ్బాయి ఎక్కడ వాడతాడు?

ఇక్కడికి, స్వీడన్‌కు ఉన్న తేడాలు కూడా తెలిసి ఉంటే మంచిది, ఎందుకంటే ఒక దేశం కోసం వచ్చి పక్క దేశానికి మారే కుటుంబాలు తక్కువేమీ కాదు. ప్రభుత్వ సాయం తీసుకునే స్వతంత్ర బడి నార్వేలో లాభాలు పంచుకోకూడదు. ఖర్చులో 85 శాతం ప్రభుత్వం ఇస్తుంది, తల్లిదండ్రులు కట్టే ఫీజుకు పరిమితి ఉంటుంది. స్వీడన్‌లో మాత్రం కంపెనీలు బడులు నడిపి లాభం తీసుకోవచ్చు. దాని మీద అక్కడ ఏళ్ల తరబడి వాదోపవాదాలు జరుగుతున్నాయి. 1997 నుంచి నార్వేలో ఆరేళ్లకే ఒకటో తరగతి మొదలవుతుంది, కాబట్టి స్వీడన్‌లో ఫోర్‌స్కూలెక్లాస్‌లో ఉన్న పాప ఇక్కడికి వస్తే ఒకటో తరగతి పిల్ల అవుతుంది. ఇక్కడ ఎనిమిదో తరగతికి ముందు గ్రేడులు ఉండవు. మాతృభాషలో బోధన ఇక్కడ నార్వేజియన్ వచ్చేదాకా ఇచ్చే తాత్కాలిక సహాయం మాత్రమే. తెలుగు నిలబడాలంటే ఇంట్లోనే నిలబెట్టుకోవాలి.

కోపెన్‌హేగన్_నాన్న

డెన్మార్క్‌లో పరిస్థితి ఇంకా కఠినం. 2002లో చట్టం మారినప్పటి నుంచి యూరోపియన్ యూనియన్, ఐరోపా ఆర్థిక మండల దేశాల పిల్లలకు, ఫారో దీవుల, గ్రీన్‌లాండ్ పిల్లలకు మాత్రమే మాతృభాషా బోధన ఇవ్వడం మునిసిపాలిటీల బాధ్యత. మన పిల్లలకు ఆ హక్కు లేదు. అందుకే ఇక్కడి తెలుగు కుటుంబాలు కొన్ని ఆదివారాలు ఒకరి ఇంట్లో కలిసి పిల్లలకు అక్షరాలు దిద్దిస్తున్నాం. స్వీడన్‌లో ఉన్నవారు తమకున్న ఆ హక్కును తేలిగ్గా తీసుకుంటే నాకు బాధేస్తుంది. ఒరేసుండ్ వంతెన దాటితే స్వీడన్ వైపున్న మాల్మోలో మరో చట్టం, ఇటు మరో చట్టం!

కోపెన్‌హేగన్‌లో ఫీజు లేకుండా ఇంగ్లిష్‌లో చదివే దారి ఒకటుంది: 2014లో మొదలై, ఇప్పుడు కార్ల్స్‌బర్గ్ ప్రాంతంలో ఉన్న యూరోపియన్ స్కూల్. అందులో డేనిష్ విభాగం, ఇంగ్లిష్ విభాగం ఉన్నాయి. నోర్‌హవ్న్‌లో సముద్రపు ఒడ్డున, గోడల నిండా సౌర ఫలకలతో కనిపించే కోపెన్‌హేగన్ ఇంటర్నేషనల్ స్కూల్ మాత్రం ఫీజు బడే.

స్టావంగర్ గారూ, మీ మాటకు నేను ఒకటి జోడిస్తాను. అంతర్జాతీయ బడిలో ప్రతి జూన్‌లోనూ కొందరు స్నేహితులు వెళ్లిపోతారు. బడి ఎంత బాగున్నా, సాయంత్రం ఇంటికి వచ్చాక పేటలోని పిల్లల భాష రాకపోతే మన పిల్లవాడు వాళ్లతో బంతి ఆడలేడు. వారాంతాల్లో పుట్టినరోజు పిలుపులన్నీ పక్కింటి పిల్లలకే వెళ్తాయి. మా పెద్దమ్మాయి విషయంలో ఇది కళ్లారా చూశాం కాబట్టి చెబుతున్నాను. ఫుట్‌బాల్ క్లబ్‌లో చేర్చాకే ఆమెకు డేనిష్‌తో పాటు స్నేహితులూ దొరికారు. మూడేళ్లంటే పిల్లల జీవితంలో చాలా పెద్ద కాలం. ఆ కాలమంతా ఒక ఊళ్లో ఉండి ఆ ఊరి పిల్లలతో మాట్లాడలేకపోవడం చిన్న నష్టమేమీ కాదు.

గోథెన్‌బర్గ్_ప్రయాణం

ఇంత శ్రద్ధగా రాసినందుకు అందరికీ ధన్యవాదాలు. యజమాని బడి ఫీజు ఇవ్వడం కుదరదని చెప్పారు. మేమే కట్టుకోవాలంటే ఇద్దరికీ భారమవుతుంది. అబ్బాయి మాత్రం ఇంగ్లిష్‌లో చదవడానికే ఇష్టపడుతున్నాడు, స్వీడిష్ అంటే భయపడుతున్నాడు. మరో ప్రశ్న కూడా ఉంది. మూడేళ్ల తర్వాత నిజంగానే హైదరాబాద్‌కు తిరిగి రావలసి వస్తే అతను ఇక్కడ ఏ తరగతిలో చేరగలడు? అలా వచ్చినవారు ఎవరైనా ఉన్నారా?

తిరిగి_హైదరాబాద్

మేం స్టాక్‌హోమ్ నుంచి తిరిగి వచ్చినవాళ్లం. మీ లెక్క ప్రకారం అబ్బాయి స్వీడన్‌లో ఎనిమిదో తరగతి ముగించి వస్తాడు, అప్పటికి అతని ఇక్కడి స్నేహితులు పదో తరగతిలోకి వెళ్తుంటారు. సీబీఎస్ఈ తొమ్మిది, పది తరగతులను కలిపి రెండేళ్ల కోర్సుగా చూస్తుంది కాబట్టి నేరుగా పదిలో చేరే ఆశ పెట్టుకోకండి. తొమ్మిదిలో చేర్పించడమే సరైన దారి. వయసులో ఒక ఏడాది వెనకబడినట్టు కనిపిస్తుంది గానీ, గణితం, భౌతిక శాస్త్రం ఇక్కడ నడిచే వేగానికి అలవాటు పడడానికి ఆ ఏడాది మా వాడికి ఎంతో అక్కరకు వచ్చింది.

ఐబీ గురించి మీ బంధువులు భయపెడితే నమ్మకండి. ఐబీ డిప్లొమాను భారత విశ్వవిద్యాలయాల సంఘం ఎప్పటినుంచో గుర్తిస్తోంది. ఇంజనీరింగ్ కావాలంటే భౌతిక, రసాయన, గణిత శాస్త్రాలు ఎంచుకోవాలి, వైద్యం కావాలంటే జీవశాస్త్రం తప్పదు. కానీ డిప్లొమా పదహారేళ్ల తర్వాతి సంగతి. మీ అబ్బాయి తిరిగి వచ్చే వయసుకు అది అసలు ప్రశ్నే కాదు.

ఎక్కువమంది పట్టించుకోని సంగతి తెలుగు. తెలంగాణలో 2018 చట్టం ప్రకారం, ఏ బోర్డు బడిలోనైనా ఒకటి నుంచి పది వరకు తెలుగు బోధన తప్పనిసరి. గోథెన్‌బర్గ్‌లో మూడేళ్లు తెలుగు చదవకుండా వచ్చిన పిల్లవాడు తొమ్మిదో తరగతి తెలుగు వాచకం ముందు కూర్చుంటే ఎంత ఇబ్బంది పడతాడో ఊహించండి. టీచర్ గారు చెప్పిన వారం తరగతిని ఈ కారణం చేతనైనా వదలవద్దు. వచ్చేటప్పుడు ప్రతి టర్ము గ్రేడు పత్రం, బడి ముద్రతో, ఇంగ్లిష్ అనువాదంతో సహా తెచ్చుకోండి. ఆరో తరగతికి ముందు సాధారణంగా గ్రేడులు ఉండవు కాబట్టి, చిన్న పాపకు బడి ఇచ్చే అభివృద్ధి ప్రణాళిక పత్రాలు అడిగి తీసుకోండి.

ఉప్సాలా_విద్యార్థిని

అక్కా, నేను మీ అబ్బాయి వయసులోనే స్వీడన్‌కు వచ్చాను, ఇప్పుడు ఉప్సాలాలో డిగ్రీ చదువుతున్నాను. సగం ఇంగ్లిష్‌లో బోధించే బడిలో చదివాను కాబట్టి పిల్లల వైపు నుంచి రెండు మాటలు చెప్పాలనిపించింది.

మొదటి ఏడాది ఇంగ్లిష్ నన్ను నిలబెట్టింది. గణితంలో, సైన్స్‌లో చేయి ఎత్తి జవాబు చెప్పగలిగినందువల్ల తెలివితక్కువదాన్నన్న భావన నాకు రాలేదు. ఆ ధైర్యం విలువ పెద్దలకు అంత సులువుగా అర్థం కాదు. మీ అబ్బాయి స్వీడిష్‌కు భయపడుతున్నాడంటే అతనికి ఆ ఊత కావాలి. కానీ వరండాల్లో, భోజనాల గదిలో మేమంతా ఇంగ్లిష్‌లోనే మాట్లాడుకునేవాళ్లం, దానితో నా స్వీడిష్ పుస్తకాల స్థాయిలోనే ఆగిపోయింది. స్వీడిష్ బడిలో చేరిన మా తమ్ముడు మొదట్లో మౌనంగా ఉండేవాడు, తర్వాత నాకంటే సహజంగా మాట్లాడసాగాడు.

విశ్వవిద్యాలయంలో బ్యాచిలర్ స్థాయి కోర్సులు చాలావరకు స్వీడిష్‌లోనే ఉంటాయి; వాటిలో చేరడానికి జిమ్నేసియం చివరి స్థాయి స్వీడిష్ అర్హత చూపించాలి. ఐబీ చదివినవారికీ ఆ నియమం వర్తిస్తుంది. గోథెన్‌బర్గ్‌లో ఐబీ డిప్లొమా చదవాలంటే వీట్‌ఫెల్ట్‌స్కా జిమ్నేసియంలో ఫీజు లేకుండానే చదవవచ్చు. ఇప్పుడు ఫీజు బడికి వెళ్లకపోయినా ఆ దారి మూసుకుపోదు.

ద్విభాషా బడిని చూడడానికి వెళ్లినప్పుడు ఈ మాట అడగండి: ఏయే సబ్జెక్టులు ఏ భాషలో చెబుతారు, విదేశాల నుంచి వచ్చిన ఉపాధ్యాయులు ఎంతకాలం ఉంటారు? మా బడిలో గణితం ఉపాధ్యాయులు తరచుగా మారేవారు, ప్రతిసారీ మేం మొదటి నుంచి సర్దుకోవలసి వచ్చేది.

హిసింగెన్_వాసి

చెల్లెమ్మ అడగమన్న ప్రశ్నకు కొంత జవాబు ఇంట్లో కూర్చునే తెలుసుకోవచ్చు. ప్రతి బడిలో అర్హత పత్రం ఉన్న ఉపాధ్యాయులు ఎంత శాతమో, తొమ్మిదో తరగతి ఫలితాలు ఎలా ఉన్నాయో జాతీయ విద్యా సంస్థ స్కూల్‌వెర్కెట్ తన వెబ్‌సైట్‌లో పెడుతుంది. బడులను తనిఖీ చేసే సంస్థ నిర్ణయాలు కూడా బహిరంగంగానే ఉంటాయి. బడి పంచే రంగుల పుస్తకం చదివే ముందు ఇవి చదవండి.

పేరున్న ద్విభాషా బడుల్లో క్యూ చాలా పొడవు; పుట్టిన వెంటనే పిల్లల పేరు నమోదు చేసే తల్లిదండ్రులు ఉన్నారు. ఆగస్టుకు దాదాపు అన్ని స్థానాలూ నిండిపోయి ఉంటాయి గానీ, సంవత్సరం మధ్యలో ఖాళీలు వస్తూ ఉంటాయి కాబట్టి పేరు నమోదు చేయించి ఉంచండి. ఈలోగా కమ్యూన్ మీ పిల్లలకు బడిలో స్థానం చూపించి తీరాలి. అలా కాకుండా దూరపు బడిని మీరే ఎంచుకుంటే బడి రవాణా హక్కు పోవచ్చు. లిండ్‌హోల్మెన్‌కు దగ్గరగా హిసింగెన్ దీవి మీద ఇల్లు తీసుకుంటున్నారా, నది అవతల తీసుకుంటున్నారా అన్నది కూడా అప్పుడు లెక్కలోకి వస్తుంది.

గోథెన్‌బర్గ్_ప్రయాణం

అందరి మాటలూ ఇంట్లో చదివి వినిపించాను. అమ్మాయిని ఇంటి దగ్గరి స్వీడిష్ బడిలోనే చేర్పిస్తాం. అబ్బాయికి ఐఎస్‌జీఆర్ జాతీయ విభాగంలోనూ, రెండు ద్విభాషా బడుల్లోనూ పేరు నమోదు చేస్తున్నాం. స్థానం రాకపోతే కమ్యూన్ చూపిన బడికి వెళ్తాడు. ఈ లోపు రోజూ కాసేపు స్వీడిష్ నేర్చుకోవడానికి ఉప్సాలా చెల్లెలి మాటల వల్లే ఒప్పుకున్నాడు. ఫీజు బడి ఆలోచన మానుకున్నాం.

టీచర్ గారూ, చివరిగా ఒకటి. తెలుగు తరగతికి ఎప్పుడు దరఖాస్తు చేయాలి? అదే బడిలో ఐదుగురు తెలుగు పిల్లలు ఉండాలా?

మాతృభాష_టీచర్ (స్టాక్‌హోమ్)

అక్కర్లేదండీ. ఐదుగురిని బడిలో కాదు, కమ్యూన్ మొత్తంలో లెక్కిస్తారు. గోథెన్‌బర్గ్ అంత నగరంలో ఆ సంఖ్య కష్టం కాదు, ఉపాధ్యాయులు దొరకడమే అసలు సమస్య. బడి ఖరారైన వెంటనే కమ్యూన్ వెబ్‌సైట్‌లో ఇద్దరి పేరా విడివిడిగా దరఖాస్తు చేయండి, ఇంట్లో రోజూ వాడే భాష తెలుగు అని రాయండి. మీకు తెలిసిన తెలుగు కుటుంబాలను కూడా అప్పుడే చేయమనండి. అబ్బాయికి పాఠాలు అర్థం కావడానికి ఇచ్చే తెలుగు అధ్యయన సహాయం వేరే ఏర్పాటు, దాన్ని నిర్ణయించేది బడి ప్రధానోపాధ్యాయులు. చేరిన మొదటి వారంలోనే వారికి రాతపూర్వకంగా విన్నవించండి, రెండు నెలల అంచనా ఎప్పుడు చేస్తారో కూడా అదే ఉత్తరంలో అడగండి.